శుక్రకణానికి కావలి: సెర్టోలి కణం



జీవశాస్త్ర వాచకంలో కొన్ని పుటలుంటాయి. ఉపాధ్యాయుడు వాటి దగ్గరకు రాగానే గొంతు సవరించుకుని, "ఇది ఇంటివద్ద చదువుకోండి" అని ముందుకు సాగిపోతాడు. విద్యార్థులు తలలు వంచుకుంటారు. ఆ మౌనం తరగతి గదితో ఆగిపోదు. సంతానం కలుగని ఇంట పరీక్షలన్నీ కోడలికే, మొక్కులన్నీ కోడలికే. కుమారుణ్ణి కూడా వైద్యుని వద్దకు పంపవలెనన్న ఆలోచన చాలా ఆలస్యంగా వస్తుంది. వైద్యశాస్త్రం చెప్పేది వేరు: సంతానలేమితో బాధపడే జంటలలో దాదాపు సగం సందర్భాలలో పురుషుని వైపు కారణం పూర్తిగానో పాక్షికంగానో ఉంటుంది. అందుచేత ఆ దాటవేసిన పుటలలోని ఒక కణమే నేటి ప్రసంగ విషయం.

వృషణంలో అతి సన్నని నాళికలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. 1865లో ఇటలీ దేశస్థుడు ఎన్రికో సెర్టోలి వాటి గోడలలో కొమ్మలు చాచిన చెట్లవంటి కణాలను వర్ణించాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు నిండలేదు. ఆ కణాలకు ఆయన పేరే నిలిచింది. సెర్టోలి కణం పాదం నాళిక వెలుపలి అంచున ఉంటుంది. శిరస్సు నాళిక మధ్యనున్న ఖాళీ వైపు ఉంటుంది. దాని మడతలలో ఒదిగి శుక్రకణాలు పెరుగుతాయి. మూలకణం నుండి శుక్రకణం రూపొందడానికి మనుష్యులలో సుమారు 74 రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఆ పసికణానికి సొంత నడక లేదు. చివరకు తోక మొలిచినా ఈదే శక్తి వృషణం దాటిన తరువాతగాని రాదు. పోషించేదీ మోసేదీ సెర్టోలి కణమే.

ఇక్కడొక చిక్కు ఉన్నది. శరీర రక్షణ వ్యవస్థ తనవారెవరో పరులెవరో శైశవంలోనే నేర్చుకుంటుంది. శుక్రకణాలు పుట్టేది యౌవనారంభంలో. వాటిపైనున్న కొత్త ప్రోటీనులను ఆ వ్యవస్థ ఎన్నడూ ఎరుగదు. కంటబడితే శత్రువులని దాడికి దిగగలదు. అందువల్ల పక్కపక్కనున్న సెర్టోలి కణాలు పాదాలకు కొంచెం పైన ఒకదానినొకటి బిగించి పట్టుకుని గోడ కడతాయి. ఈ బిగింపులకే కణసంధులని పేరు. 1970లో మార్టిన్ డిమ్, డాన్ ఫాసెట్ ఎలుకల వృషణాలలోకి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనిపించే ద్రవ్యాన్ని పంపి చూశారు. అది ఈ సంధుల వద్ద ఆగిపోయింది.

అయితే మూలకణాలు గోడకు వెలుపల ఉన్నాయి; పెరగవలసిన చోటు లోపల. గోడ తెరవకుండా దాటేదెట్లా?

గోదావరి కాలువలపై పడవ ప్రయాణాలు చేసిన పెద్దలకు ఇది చెప్పనక్కరలేదు. లాకులోకి పడవ రాగానే వెనుక తలుపు మూస్తారు. ఆ తరువాతనే ముందు తలుపు తీస్తారు. రెండూ ఒక్కసారి తీసిన లాకు లాకే కాదు. వృషణంలోనూ అంతే. క్షయకరణ విభజనకు ఉపక్రమించిన కణం పైకి కదిలేటప్పుడు దాని కింద కొత్త సంధులు ఏర్పడతాయి. అవి బిగిసిన పిమ్మటనే పైనున్న పాత సంధులు విడిపోతాయి. దారి దొరుకుతుంది, గోడ మాత్రం తెగదు.

ఈ తలుపులను నిలబెట్టేదీ కదిలించేదీ కణంలోని అస్థిపంజరం. పేరును బట్టి ఎముకలవలె గట్టిదని భ్రమపడరాదు. ఇది క్షణక్షణం విడిపోతూ అల్లుకుంటూ ఉండే ప్రోటీను పోగుల పందిరి. అందులో ఆక్టిన్ తంతువులు మోపులుగా చేరి సంధులకు బలమిస్తాయి, ఎదిగే శుక్రకణం తలను ఒడిసి పట్టుకుంటాయి. సూక్ష్మనాళికలు రైలు పట్టాలవలె పనిచేసి ఆ కణాన్ని లోతుకు దించుతాయి, మరల పైకి చేరుస్తాయి. గడువు పూర్తికాగానే ఆక్టిన్ పట్టు సడలుతుంది, శుక్రకణం నాళికలోకి జారిపోతుంది. అది విడిచిన మిగులు పదార్థాన్ని సెర్టోలి కణమే మింగివేస్తుంది. ఈ ఏర్పాటులో ఒక్క మేకు ఊడినా ఎంత నష్టమో 1999లో తేలింది: సంధులలోని క్లాడిన్-11 అనే ఒక్క ప్రోటీను లేకుండా పుట్టిన మగ ఎలుకలకు సంతానమే కలగలేదు.

తల్లిదండ్రులు ఆలకించవలసిన మాట ఒకటున్నది. సెర్టోలి కణాల సంఖ్య పెరిగేది యౌవనారంభం వరకే. ఒక్కొక్క కణం ఇన్ని శుక్రకణాలనే పోషించగలదు గనుక పెద్దవాని ఉత్పత్తికి హద్దు బాల్యంలోనే ఏర్పడుతుంది. మగశిశువుకు ఒక వృషణం సంచిలోకి దిగకపోతే, పెద్దయితే అదే దిగుతుందని ఏళ్ళ తరబడి ఊరుకోవడం తగదు. 6 నెలలు నిండినా దిగనిచో వైద్యునికి చూపాలి. శస్త్రచికిత్స అవసరమైతే 18 నెలల లోపల జరగడం మేలు.

74 రోజుల లెక్క పెద్దలకూ ఉపయోగమే. నేడు వచ్చిన తీవ్రజ్వరం ప్రభావం వీర్యపరీక్షలో రెండు మూడు నెలల వరకు కనిపించవచ్చు. కనుక ఒక్క కాగితం చూసి పురుషునిపై ముద్ర వేయరాదు. కొంత వ్యవధి తరువాత పరీక్షను మరొకమారు చేయించాలి. ఆ మొదటి పరీక్షకైనా భార్యతోపాటు భర్త కూడా వెళ్ళాలి.