సంతకం పెట్టే ముందు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉండగా నోట్ ఫైలు ఆసాంతం చదివితే గాని పొడి సంతకం కూడా పెట్టేవాళ్లం కాదు. ఇప్పుడు పిల్లలు "ఊరికే ఫార్మాలిటీ నాన్నా" అనగానే కళ్లజోడైనా వెతుక్కోకుండా సంతకం చేస్తున్నాం. ఆ ఫార్మాలిటీ గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

హామీ సంతకం సాక్షి సంతకం వంటిది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. ముందు అబ్బాయి మీద దావా వేసి, అక్కడ రాకపోతేనే మన దగ్గరకు రావాలన్న నియమం లేదు. ప్రభుత్వ పింఛనుకు జప్తు నుంచి 1871 పింఛను చట్టం రక్షణ ఇస్తుంది. ఇంటికి, ఫిక్సెడ్ డిపాజిట్లకు ఆ రక్షణ లేదు.

అసలు అప్పు షరతులను మన సమ్మతి లేకుండా మారిస్తే, ఆ తరువాతి లావాదేవీలకు హామీదారు బాధ్యుడు కాడని 133వ సెక్షన్ చెబుతుంది. అయితే ఈ హక్కును ముందే వదులుకుంటున్నట్లు ఫారంలో చిన్న అక్షరాలతో ఒక షరతు ఉండవచ్చు. అందుకే చదవాలి. ఖాళీలున్న ఫారం మీద సంతకం అసలే వద్దు.

ఇక కుటుంబ ఆస్తి సంగతి. స్వార్జితమైన ఇంటిని తనఖా పెట్టాలంటే యజమాని సంతకం కావాలి, పిల్లల సమ్మతి అక్కర్లేదు. ఇల్లు భార్య పేర ఉంటే ఆమె సంతకమే కావాలి, మన మాట చెల్లదు. హిందూ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో 2005 సవరణతో కూతుళ్లూ కొడుకులతో సమాన వాటాదారులే. "ఆడపిల్లకు చెప్పనక్కర్లేదు" అనుకునే రోజులు పోయాయి.

బెదిరించి గాని, వయసును, అనారోగ్యాన్ని ఆసరా చేసుకుని ఒత్తిడి తెచ్చి గాని తీసుకున్నది స్వేచ్ఛా సమ్మతి కాదు. దాని రద్దు కోరవచ్చు, కాని అందుకు కోర్టు మెట్లు ఎక్కాలి. పిల్లలకు ఇల్లు దానపత్రం రాసేవారు, తమను పోషించాలన్న షరతును పత్రంలోనే రాయించుకోవాలి. ఆ షరతు తప్పితే 2007 వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

మిత్రులారా, పిల్లలకు సాయం చేయవద్దని నా ఉద్దేశం కాదు. భరించగలిగినంత డబ్బు చేతికివ్వడం వేరు, భరించలేని అప్పుకు పూచీ పడటం వేరు. కాగితం తెచ్చిన రోజునే సంతకం పెట్టకండి. రెండు రోజుల గడువు అడగండి. మీ ఇంటావిడకు చదివి వినిపించండి. సంతకం పెట్టాక నకలు మీ దగ్గర ఉంచుకోండి. అవసరమైతే "వద్దు నాయనా" అనండి. ఆ ఒక్క మాటకు తెగిపోయే బంధం, బ్యాంకు నోటీసు వచ్చిన నాడు నిలుస్తుందా?