ఇంట్లో చెప్పొచ్చావా?

(మహిళా కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను స్త్రీలు, రవాణా అనే విషయం మీద మాట్లాడమన్నారు. బస్సుల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆ చర్చ మరింత పెరిగింది, పెరగవలసిందే. అయితే బస్సు స్టాపు దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి పని చేసే ఇంటికో, బడికో, పొలానికో వెళ్లే రెండు మూడు కిలోమీటర్ల సంగతి ఎవరూ మాట్లాడరు. ఆ దూరంలో నడక వుంది, సైకిలు వుంది. నేను ఇవాళ సైకిలు గురించే మాట్లాడదలచుకున్నాను.

సైకిలు ఇంకా ఎవరు తొక్కుతున్నారని మీకు అనిపించవచ్చు. ఈ హాలు బయట నిలబెట్టిన బండ్లను చూశాను, దాదాపు అన్నీ స్కూటీలే. అందుకే ఈ మాట మనతోనే మొదలుపెట్టాలనుకుంటున్నాను. సైకిలు వాడిని విసుక్కునేవాళ్లలో ఇప్పుడు మనం కూడా వున్నాం.

మన రోడ్ల మీద ఒక తిట్టు వుంది. మీరందరూ విన్నదే. సైకిలు కాస్త పక్కకు ఒరిగినా, దాటేటప్పుడు ఒక క్షణం తడబడినా, వెనక నుంచి బ్రేకు కీచుమంటుంది, ఆ వెంటనే వినిపిస్తుంది: "ఇంట్లో చెప్పొచ్చావా?" అంటే, నువ్వు తిరిగి ఇంటికి పోవు, ఆఖరిసారి చెప్పి వచ్చావా అని. నిజానికి అది చావు బెదిరింపు. మనం ఎంతగా అలవాటు పడ్డామంటే సినిమాల్లో దానికి నవ్వుతాం. తప్పు ఎవరిదన్న ప్రశ్నే అందులో లేదు. నా బండి కింద పడితే చచ్చేది నువ్వు కాబట్టి జాగ్రత్తగా వుండవలసిందీ నువ్వే అన్న న్యాయం మాత్రం వుంది.

ఇదే మాట ఆడమనిషి మీద పడినప్పుడు దానికి రెండో అర్థం వస్తుంది. ఎవర్నడిగి బయటికొచ్చావు, ఎవరు పంపారు నిన్ను, అని. ఇళ్లల్లో పనికి సైకిలు మీద వెళ్లే ఒకామె నాతో అంది: "మా ఆయన అడిగేదీ అదే, రోడ్డు మీద వాడు అడిగేదీ అదేనమ్మా. ఇంట్లో చెప్పి రావాలంట, రోడ్డు మీద వాడికీ చెప్పి రావాలంట." పితృస్వామ్యం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత తేటగా చెప్పినవి తక్కువ.

రోడ్డు అందరిదీ అంటాం. కానీ రోడ్డు మీదకు వచ్చీ రాగానే ఒక నిచ్చెన తయారవుతుంది. లారీ, కారు, మోటారు సైకిలు, స్కూటీ, సైకిలు, కాలినడక. పై మెట్టువాడు కింది మెట్టువాడికి హారన్ కొడతాడు. కింది మెట్టువాడికి వున్నది బెల్లు. ఆ బెల్లు కారు అద్దాల లోపలికి వినపడను కూడా వినపడదు. నిచ్చెనమెట్ల సమాజంలో పుట్టి పెరిగిన మనకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోకండి. 1968లో అమెరికాలో డూబ్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న పరీక్ష చేశారు. సిగ్నల్ దగ్గర పచ్చ దీపం వెలిగినా కదలకుండా ఒక కారును నిలబెట్టారు. ఒకసారి ఖరీదైన కారు, ఒకసారి పాత డొక్కు కారు. డొక్కు కారు వెనకవాళ్లలో 84 శాతం మంది హారన్ కొట్టారు. ఖరీదైన కారు వెనకవాళ్లలో 50 శాతం మందే కొట్టారు. ఆలస్యం రెండుసార్లూ ఒకటే. కోపం మాత్రం మనిషిని చూసి వచ్చింది. మన ఊళ్లల్లో ఈ పరీక్ష చేయనక్కర్లేదు. మంత్రిగారి కాన్వాయ్ కోసం పావుగంట నోరు మూసుకుని నిలబడినవాడే సైకిలు కోసం పావు నిమిషం ఆగలేడు.

ఇంకొకటి మనకు మరింత దగ్గరి విషయం. ఇంగ్లండులో ఇయాన్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సైకిలుకు దూరం కొలిచే పరికరం పెట్టుకుని, రెండు వేలకు పైగా వాహనాలు తనను ఎంత దగ్గరగా దాటిపోయాయో లెక్కగట్టాడు. 2007లో అది ప్రచురితమైంది. హెల్మెట్ పెట్టుకుంటే వాహనాలు ఇంకాస్త దగ్గరగా వచ్చాయి. పొడుగు జుట్టు విగ్గు పెట్టుకుని, వెనక నుంచి ఆడమనిషిలా కనిపిస్తే కొంచెం ఎడంగా పోయాయి. ఆడవాళ్లకు గౌరవం ఇచ్చారు కదా అని సంతోషించాలా? నాకైతే అనుమానమే. ఈమెకు తొక్కడం సరిగా రాదు, ఎటు తిప్పుతుందో తెలియదు అన్న అభిప్రాయం కూడా అదే ఎడం ఇస్తుంది. మన దగ్గర ఆ ఎడం కూడా దక్కదు. పైగా ఆడపిల్ల సైకిలు మీద కనిపిస్తే కావాలని దగ్గరగా వచ్చేవాళ్లున్నారు. హ్యాండిల్‌కు హ్యాండిల్ ఆనించడం, చున్నీ లాగడం, వెనక చేరి ఆపకుండా హారన్ కొట్టడం.

ఇక్కడ చట్టం సంగతి చూడండి. నిర్లక్ష్యంగా బండి నడిపితే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్. మాటతోనో సైగతోనో స్త్రీని అవమానిస్తే 79వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలో ఇవి 279, 509. పదో తరగతి పిల్ల సైకిలును మోటారు సైకిలుతో నెట్టి నవ్వుతూ పోయినవాడిది ఇందులో ఏది? స్టేషన్లో అడిగితే దెబ్బ తగల్లేదు కదా అంటారు, లేకపోతే బండి నంబరు రాసుకున్నావా అంటారు. ఆ తర్వాత జరిగేది మనకు తెలుసు. పిల్లకు సైకిలు మాన్పిస్తారు. ఆటోకు డబ్బు లేకపోతే బడి మాన్పిస్తారు. వాడు మాత్రం మర్నాడు కూడా అదే రోడ్డు మీద వుంటాడు.

సైకిలు చరిత్ర కూడా కొంచెం గుర్తు చేసుకోవాలి. ఒకప్పుడు మన పెళ్లిళ్లలో కట్నంగా అడిగినవి రిస్టు వాచీ, రేడియో, సైకిలు. పిల్ల తండ్రి అప్పు చేసి సైకిలు కొన్నాడు, అల్లుడు తొక్కాడు, పిల్ల వెనక క్యారియర్ మీద ఒక పక్కకు కూర్చుంది. తర్వాత అల్లుడు స్కూటర్ అడిగాడు, ఆ తర్వాత మోటారు సైకిలు, కారు. ఇవాళ సైకిలు తొక్కే ఆడపిల్ల వెనక హారన్ కొట్టే మోటారు సైకిళ్లలో ఎన్ని ఎవరో ఒక తండ్రి తన కూతురి కోసం కొనిచ్చినవో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును.

ఆడవాళ్లు తామే హ్యాండిల్ పట్టుకున్న కథ కూడా వుంది. 1991లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్. చదువు నేర్పడంతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పారు. అంగన్‌వాడీ కార్యకర్తలు, క్వారీ కూలీలు, పొలం పనివాళ్లు, మొత్తం లక్ష మందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందల మందికి పైగా సైకిళ్లు తొక్కుకుంటూ ఊరేగారు. మొదట్లో మగవాళ్లు నోటికొచ్చినట్లు మాట్లాడారు. పత్రికా రచయిత పి. సాయినాథ్ దీని గురించి రాస్తూ ఒక వివరం చెప్పాడు. లేడీస్ సైకిలు దొరక్కపోతే జెంట్స్ సైకిలే తీసుకున్న ఆడవాళ్లు, ముందున్న బారు మీద పిల్లాడిని కూర్చోబెట్టుకోవచ్చని దాన్నే మెచ్చుకున్నారట. మనం సాధికారత అని పెద్ద మాట వాడుతుంటాం కదా, ఆ మాటకు బరువు అలాంటి చోట తెలుస్తుంది. వెనక నీళ్ల బిందె, ముందు పిల్లాడు, భర్త తీరుబాటు కోసం ఎదురుచూడకుండా పోగలగడం.

దాదాపు అవే రోజుల్లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం సారా వ్యతిరేక ఉద్యమానికి దారి తీసింది. దాన్ని మనం సగర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆ ఊపులో మనకు సైకిలు తట్టలేదు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో ఉన్నత పాఠశాల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కోసం డబ్బు ఇచ్చారు. ఆ పథకం వల్ల సెకండరీ స్థాయిలో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందనీ, మగపిల్లలతో వున్న తేడా 40 శాతం తగ్గిందనీ కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ తమ పరిశోధనలో తేల్చారు. అంటే సైకిలు ఇస్తే ఆడపిల్ల బడికి వెళుతుంది. మరి ఇచ్చిన ప్రభుత్వాలు ఆ సైకిలు నడిచే చోటు గురించి ఏం చేశాయి? మన రాష్ట్రాల్లో సైకిలును ఎన్నికల గుర్తుగా బ్యాలెట్ మీద నలభై ఏళ్లకు పైగా చూస్తున్నాం. రోడ్డు మీద దానికి గీసిన గీత మాత్రం చాలా ఊళ్లల్లో కనిపించదు.

కనిపించిన చోట ఎవరి కోసం కనిపిస్తోంది? హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ 2023 అక్టోబరులో తెరిచారు. పైన సౌర ఫలకాల కప్పు, ఎండా వానా పడదు. చాలా బాగుంది, కాదనను. కానీ అది ఆరోగ్యం కోసం తొక్కేవాళ్లను మనసులో పెట్టుకుని కట్టింది. ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో అంట్లు తోమడానికి బస్తీ నుంచి వచ్చే మనిషి దారి వేరు. లక్ష రూపాయల సైకిలు మీద హెల్మెట్ పెట్టుకుని పోయేవారిని కారువాళ్లు సైక్లిస్టు అంటారు. పాల క్యాను కట్టుకుని పోయేవాడు వాళ్లకు 'అడ్డమొచ్చినోడు'. కోల్‌కతాలో 2013లో పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. ట్రాఫిక్ కు అడ్డమన్నది కారణం. పాలవాళ్లు, పేపర్ వేసేవాళ్లు, చిన్న చిన్న సరుకు మోసేవాళ్లు ఫైన్లు కట్టారు. నిరసనలు వచ్చాక ఆ జాబితాను కుదించారు.

మోటారు వాహనాలవాళ్ల వాదన కూడా నేను విన్నాను. సైకిళ్లవాళ్లు రాంగ్ రూట్లో వస్తారు, రాత్రి లైటు వుండదు, తగిలితే జనం పోగై పెద్ద బండివాడినే కొడతారు అంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ రాంగ్ రూట్ ఎందుకు పుట్టింది? డివైడర్ కట్టి, యూ టర్న్ కిలోమీటరు అవతల పెట్టారు. కారుకు అది ఒక నిమిషం. ఉదయం ఐదింటికి లేచి ఇంటి పనంతా చేసుకుని బయల్దేరిన ఆడమనిషికి అది పోనూ రానూ రెండు కిలోమీటర్లు, కాలి కండరాలతో. ఇంజినీరు ఆ గీత గీసినప్పుడు ఆమె ఆయన కంటికి ఆనలేదు. ఆమెను నియమం తప్పిన మనిషి అనే ముందు ఆ నియమాన్ని ఎవరి శరీరాన్ని కొలతగా పెట్టుకుని రాశారో అడగాలి. లైటు విషయంలో మాత్రం నేను రాజీపడను. వెనక ఎర్ర బిళ్ల అతికించుకోవడానికి పెద్ద ఖర్చు కాదు, మన సంఘాలే పంచవచ్చు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచిపోతున్నవాళ్లు, 4 వేలకు పైగా సైకిలు మీద వున్నవాళ్లు. ఇంటి పని చేసే స్త్రీ చనిపోతే నష్టపరిహారం ఎంతన్నది ఇంకొక కథ. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన షెడ్యూలులో, సంపాదన లేని భార్య ఆదాయం భర్త ఆదాయంలో మూడో వంతని రాశారు. కోర్టులు దాన్ని తప్పు పట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన భాగంలో, స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు జీతం లేని ఇంటి పని చేస్తున్నారన్న సర్వే లెక్కను చూపి, గృహిణి శ్రమకు విలువ కట్టవలసిందేనన్నారు. మన కార్యకర్తలు ఆ తీర్పు కాపీ దగ్గర పెట్టుకోవాలి. బీమా కంపెనీ వకీలు ఇప్పటికీ "ఆమె ఏమీ చేసేది కాదు" అనే మొదలుపెడతాడు.

ఇప్పుడు చేయవలసిన పని. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో రెండు కొత్త ఆయుధాలు వచ్చాయి. 198ఎ సెక్షన్ కింద, రోడ్డు ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం వల్ల ప్రాణం పోయినా, మనిషి అవిటి అయినా, కాంట్రాక్టరుకూ అధికారికీ లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. 138 సెక్షన్‌లో చేర్చిన 1ఎ ఉపవిభాగం కింద, పాదచారుల గురించీ సైకిళ్ల గురించీ రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు చేయవచ్చు. ఆ నియమాలు చేయమని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆరు నెలల గడువు పెట్టి ఆదేశించింది. అదే ఏడాది మే నెలలో, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు 21వ అధికరణలో భాగమంది. నియమాలు ఎవరు రాస్తే వాళ్ల రోడ్డే అవుతుంది. మనం మాట్లాడకపోతే అవి సైకిలు తొక్కేవాళ్లను అదుపు చేసే నియమాలుగా వస్తాయి తప్ప రక్షించే నియమాలుగా రావు. 'రెగ్యులేట్' అన్న మాట చట్టంలోనే వుంది.

స్త్రీల భద్రత అనగానే మన వినతిపత్రాల్లో సీసీ కెమెరాలు, పోలీసు గస్తీ రాస్తున్నాం. వాటి పక్కన బడుల ముందు వేగ పరిమితి, సైకిలుకు విడి దారి, డివైడర్లలో సైకిలు దాటే సందు, వెలిగే వీధి దీపాలు కూడా రాయాలి. ఇవన్నీ ఒక్కసారి రావు. నన్నడిగితే మొదట సందు అడుగుతాను. అన్నిటికంటే చౌక, రేపే చేయగలిగింది.

వెనక బల్ల మీద ఒక ఫారం పెట్టాం. మీ మండలంలో సైకిలు మీద బడికో పనికో వెళ్లే పది మందిని కలిసి, ఏ దారిన వెళతారు, ఎక్కడ దిగి నడిపించుకుంటారు, ఎక్కడ ఏమన్నారు అని అడిగి రాయండి. తిట్లను మర్యాదగా మార్చవద్దు, ఉన్నవి ఉన్నట్టే రాయండి. సైకిలు మానేసినవాళ్లు దొరికితే వాళ్లను ముందు కలవండి, ఎప్పుడు మానేశారో, మానమన్నది ఎవరో తప్పక రాయండి.