ఆ ఏడు రోజులు

(సంఘ సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, బకాయిల గురించీ చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నన్ను కుటుంబం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బడిలో పాఠాలు చెప్పినదాన్నే కాని, సభల్లో మాట్లాడే అలవాటు తక్కువ. అందుకని ఈమధ్య మా ఈపురుపాలెంలో, మా ఇంట్లో గడిచిన ఒక వారం సంగతి మనవి చేస్తాను.

మా మనవరాలు పురిటికి పుట్టింటికి వచ్చింది. సోమవారం తెల్లవారుజామున చీరాల ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. నేను తాతమ్మనయ్యాను. ఇక ఇంట్లో కాయం ఎవరు కలపాలి, పథ్యం ఎన్నాళ్ళు పెట్టాలి అని ఒకటే హడావుడి.

మంగళవారం మా వదిన, అంటే మా వారి అక్కగారు, ఆసుపత్రికి వచ్చింది. ఆమెకు 78 ఏళ్ళు. నేతగాళ్ళ ఇంట పుట్టి, ఊహ తెలిసినప్పటినుంచి మగ్గానికి కండెలు చుట్టిన చెయ్యి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నేతచీరలు చింపి, పొత్తిగుడ్డలు చేసి తెచ్చింది. "బారసాల నాడు పిల్లను తొట్టెలో నేనే వేస్తాను" అంది. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన అన్నయ్యగారు కూడా వెంట వచ్చారు. పాప గుప్పిట్లో వంద రూపాయల కాగితం పెట్టి నవ్వారు.

బుధవారం రాత్రి పడుకున్న అన్నయ్యగారు మళ్ళీ లేవలేదు.

గురువారం ఎలా గడిచిందో చెప్పడం కష్టం. మా ఇంట్లో బాలింత కోసం సిద్ధం చేసిన గది. రెండు వీధుల అవతల వదిన ఏడుపు. ఒక చోట నవ్వలేను, ఇంకో చోట ఏడ్చి కూర్చోలేను. ఈ వయసులో చాలామందికి ఇది అనుభవమే. మన ఊళ్ళో మగ్గం మీద పడుగూ పేకా కలిసినట్టే సంతోషం, దుఃఖం ఒకే గుడ్డలో పడతాయి.

శుక్రవారం వదిన రేకుపెట్టె తెరిచి ఒక కవరు నా చేతిలో పెట్టింది. అన్నయ్యగారు తన చేత్తో దానిమీద "నా తరువాత" అని రాశారు. లోపల పింఛను ఉత్తర్వు నకలు, ఇద్దరి పేర్లతో ఉన్న బ్యాంకు పుస్తకం, ఇద్దరి ఆధార్ నకళ్ళు, వదిన వయసుకు రుజువు. ఎవరికి ముందు చెప్పాలో వరుసగా రాసిన ఒక కాగితం. మా ఊరు కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. ముందు గుంటూరు, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తరువాత ప్రకాశం అయిన జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల. ఏ కాగితంలో ఏ జిల్లా ఉందో కూడా ఆయన గుర్తు పెట్టి ఉంచారు.

మా వీధిలోనే ఇంకొకావిడ, పింఛను కాగితంలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉండటం వల్ల కుటుంబ పింఛను కోసం నెలల తరబడి తిరిగింది. భర్త బతికి ఉండగా ఒక పూటలో సరిచేయించగలిగిన పని అది.

శనివారం మా అబ్బాయి మరణం నమోదు చేయించి వచ్చాడు. జననానికైనా మరణానికైనా 1969 నాటి చట్టం ఒకటే, గడువు 21 రోజులే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ సంగతి వారే పంపుతారు. ఇంట్లో పోయినవారి సంగతి ఇంటివాళ్ళే చెప్పాలి. ఏడుపులో గడువు దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది.

ఆదివారం బంధువులు కూర్చున్నారు. బారసాల ఇరవై ఒకటో నాడని, అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోతుందని లెక్క చూశారు. అప్పుడు ఒక పెద్దావిడ మెల్లగా, "మరి ఆమె తొట్టె దగ్గరికి రావడం బాగుండదేమో" అంది. ఎవరూ మాట్లాడలేదు. వదిన తల వంచుకుంది.

నేనన్నాను: "ఆ పిల్లకు మొదటి గుడ్డలు కుట్టిన చెయ్యి మంగళవారం మంచిదే కదా. ఆదివారానికి చెడ్డదెలా అయింది? వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహమే జరిపించారు. ఇన్నేళ్ళ తరువాత మనం తొట్టె దగ్గర ఆగిపోతామా?" మా మనవరాలు లోపలి గదిలోంచే, "మా పాపను మామ్మే వేయాలి" అంది. ఇక మాట పెరగలేదు.

ఇరవై ఒకటో నాడు వదినే పిల్లను తొట్టెలో వేసింది. అందరికంటే ముందు అక్షతలు వేసింది ఆ పెద్దావిడే! మరునాడు వదిన నాతో, "బ్యాంకుకు ఈసారికి నువ్వు తోడు రా. పైనెల నేనే వెళ్తాను" అంది. వెళ్ళింది కూడా.

సభలోని సోదరులకు ఒక మనవి. మీ కవరు ఈ వారంలోనే తయారు చేయండి. అందులో ఏముందో మీ ఇల్లాలికి చూపించండి. ఆమె పేరు, పుట్టిన తేదీ అన్నింటా ఒకేలా ఉన్నాయా చూడండి. కేంద్ర ప్రభుత్వ కుటుంబ పింఛనుకు 80 ఏళ్ళు నిండితే 20 శాతం అదనంగా వస్తుంది. వయసు రుజువు లేకపోతే అది ఆగిపోతుంది.

సోదరీమణులకు ఇంకొక మనవి. మీ ఇంట శుభకార్యం జరిగినప్పుడు, భర్త పోయిన అక్కనో వదిననో వెనక గదిలో ఉంచకండి. చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకురండి. ఎవరో ఒకరు మొదట అనాలి. ఆ మాట మనలాంటి పెద్దవాళ్ళు అంటేనే చెల్లుతుంది.