చలిమిడి ముద్ద
(శ్రీరామనవమి ఉత్సవములకు ముందు దేవస్థాన కల్యాణమండపంలో చేసిన ప్రసంగ పాఠం)



సీతారామ కల్యాణ తత్త్వాన్ని గురించి మాట్లాడవలసినదని ధర్మకర్తలు నన్ను ఆదేశించారు. ఆ విషయం మీరు నా నోట అనేక పర్యాయములు విన్నారు. ఈసారి వారి అనుమతి తీసుకొని చలిమిడిని గురించి మాట్లాడుతాను. నవ్వకండి. నలభై ఏళ్ళు వ్యాకరణము, కావ్యములు చెప్పుకొని బ్రతికినవాడికి పిండివంటల మీద ప్రసంగమేమిటని మా ఇంట్లోనూ నవ్వారు.

చైత్ర శుద్ధ నవమినాడు స్వామికి మనం నివేదించేవి పానకము, వడపప్పు, చలిమిడి. ఈ మూడింటికీ పొయ్యి అక్కరలేదు. బెల్లం నీటిలో కరుగుతుంది, పెసరపప్పు నానుతుంది, బియ్యం నాని పిండి అవుతుంది. పాకం పట్టి చేసే చలిమిడి వేరే ఉన్నది గాని నేను చెప్పబోయేది పచ్చి చలిమిడి. నిప్పు అక్కరలేదు గనుక చేయి వణికేవారు, చూపు మందగించినవారు, కుర్చీలోనుంచి లేవలేనివారు కూడా భయం లేకుండా చుట్టూ కూర్చొని చేయవచ్చును.

వసంతంలో తీపి తినవచ్చునా అని మీలో వైద్యశాస్త్రం చదివినవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చరకసంహిత సూత్రస్థానంలో ఋతుచర్యను చెప్పినచోట, ఈ ఋతువులో కఫం ప్రకోపిస్తుంది గనుక గురువైనవి, పుల్లనివి, జిడ్డుగలవి, తీయనివి వర్జించమనే ఉన్నది. మన పానకంలో మిరియము, శొంఠి చేరడము, చలిమిడి ఉసిరికాయంత ప్రసాదంగా మాత్రమే చేతిలో పడటము ఆ మాటకు విరోధం కావు. విరోధమల్లా డబ్బాలకు డబ్బాలు తినడంలో ఉన్నది.

డబ్బాల మాట వచ్చింది గనుక అసలు సంగతికి వస్తాను. నాలుగేళ్ళ క్రిందట మన ఊరికి దగ్గరలోని ఒక వృద్ధాశ్రమంలో రామాయణం చెప్పడానికి వెళ్ళాను. శ్రోతలు ముప్పై మంది. అరగంట గడిచేసరికి సగం మంది నిద్రపోయారు. అది నా ప్రసంగ దోషమే కావచ్చును. ప్రక్కన అలమరలో పండుగకని దాతలు పంపిన మిఠాయి డబ్బాలు తాళ్ళు కూడా విప్పకుండా వరుసగా ఉన్నవి. మీలో కొందరు పంపినవే అయి ఉండవచ్చును. మీ ఔదార్యాన్ని తక్కువ చేయడం లేదు. ఆనాడు నాకు తోచినది ఒక్కటే. ఆ ముప్పై మందీ తెల్లవారింది మొదలు రాత్రివరకు చేయి చాపి పుచ్చుకొంటూనే ఉంటారు. కాఫీ, మందులు, భోజనము, దుప్పటి, చివరకు నా ఉపన్యాసము కూడాను. వారి చేతినుంచి పుచ్చుకొనేవారు ఎవ్వరూ లేరు. జీవితమంతా పదిమందికి వడ్డించిన చేతులవి.

మరుసటి ఏడు నవమికి ముందురోజు నేను మా కోడలిని వెంటబెట్టుకొని వెళ్ళాను. దుకాణంలో పొడి బియ్యప్పిండి పొట్లము, బెల్లము, ఏలకులు కొన్నాను. పళ్ళెంలో పిండి పోసి, చేయండమ్మా అన్నాను. ఎనభై దాటిన ఒకావిడ రెండు వేళ్ళతో పిండి నలిపి చూసి, "ఇది ముద్ద కట్టదు పంతులుగారూ, ఎండిపోయిన పిండి" అన్నది. వంట తెలియని పండితుడిని నేనని అప్పటికి అందరికీ తేలిపోయింది. నీళ్ళు చల్లి కలుపుదామా అన్నాను. "అయ్యో, అప్పుడది అంబలి అవుతుంది" అని ఇంకొకావిడ. నా ఉపన్యాసంలో నిద్రపోయినవారే ఇద్దరూ!

ఆనాడు వడపప్పుతోను, పానకంతోను సరిపెట్టి, చలిమిడి వారు చెప్పినట్లు ఆ పై ఏడు చేశాము. బియ్యం ముందురోజు రాత్రి నానబోయాలి. తెల్లవారి నీరు ఓడ్చి, గుడ్డమీద నీడపట్టున ఆరబోయాలి. పూర్తిగా ఆరకూడదు, తడి చేతికి తగులుతూనే ఉండాలి. ఆ తడి బియ్యాన్ని రోట్లో దంచి జల్లించాలి. పిండిని గుప్పిట్లో బిగించి తెరిస్తే ముద్ద విడిపోకుండా నిలవాలి. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం తురుము సిద్ధం చేసుకొని కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. బెల్లమే చెమ్మ విడుస్తుంది గనుక ఒక్క చుక్క నీరు పోయనక్కరలేదు. పిమ్మట ఏలకుల పొడి, సన్నని కొబ్బరి ముక్కలు, చేతికి అంటకుండా కొంచెం నెయ్యి. పానకానికి కిలో బెల్లానికి ఐదు లీటర్ల నీరు మాకు సరిపోయింది.

దంచడం వేదపాఠశాల పిల్లల వంతు. జల్లెడ పట్టడం స్త్రీలది. చూపు లేని ఒకాయన వాసన చూసి ఏలకులు పాతవో కొత్తవో చెప్పేవారు. పక్షవాతం వచ్చిన మరొక పెద్దమనిషి ఎడమచేత్తోనే మిరియాలు నూరారు, గంటసేపు. ఎవరైనా సాయం పట్టబోతే కోప్పడ్డారు. చలిమిడికి బెల్లమా, చక్కెరా అని కోనసీమ ఆవిడకూ గుంటూరు ఆవిడకూ వాదం వచ్చింది. నా ఎరుకలో శాస్త్రచర్చ ఏదీ అంత దీక్షగా సాగలేదు. తీర్పు చెప్పమని నన్ను అడిగారు. రెండు పళ్ళేలు చేయించి తప్పించుకొన్నాను.

ఒక హెచ్చరిక చెప్పి ముందుకు పోతాను. మధుమేహం ఉన్నవారికి బెల్లం చక్కెర కంటె మేలు చేస్తుందనుకోవడం భ్రమ. వారికి వడపప్పు ఎక్కువగా, తీపి గోరంత మాత్రమే, అదీ వైద్యులు సరే అంటేనే. చలిమిడి జిగటపదార్థము. పళ్ళు లేనివారికి, మ్రింగడం కష్టమైనవారికి అది గొంతులో అడ్డుపడగలదు. అటువంటివారు చేతులారా ముద్దలు కడితే చాలును. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి పలుచని నీరు కూడా పొలమారుతుంది గనుక ఆశ్రమపు నర్సమ్మను అడగకుండా ఎవరికీ పానకం ఇవ్వవద్దు.

ముద్దలన్నీ కట్టి పళ్ళెంలో పేర్చిన తరువాత, మొదట పిండి నలిపి చూసినావిడ నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది: "పంతులుగారూ, మేము చేసినది స్వామికి పెడతారా? మాలో చాలామందిమి పసుపుకుంకాలు పోయినవాళ్ళం."

ఆ ప్రశ్నకు వెంటనే బదులు పలకలేకపోయాను. కారణం చెబుతాను. ఇది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

నాకు ముప్పై అయిదేళ్ళ వయస్సులో ఒక పల్లెలో రామమందిరంలో కల్యాణం చేయించడానికి వెళ్ళాను. ఒక ముసలమ్మ ఇత్తడి గిన్నెలో చలిమిడి తెచ్చింది. భర్త పోయిన మనిషి. "నైవేద్యం వేరే వస్తున్నదమ్మా, నీది ఆ గట్టుమీద పెట్టు" అన్నాను. పరుషంగా అనలేదు. మర్యాదగానే అన్నాను, అదే ఇప్పటికీ నన్ను ఎక్కువగా బాధిస్తున్నది. సాయంకాలం పల్లకి బయలుదేరేటప్పుడు చూస్తే గిన్నె అక్కడే ఉన్నది, చీమలు పట్టి. ఆవిడ గిన్నె కోసం కూడా తిరిగి రాలేదు. మరుసటి ఏడు అడిగితే కాలం చేసిందన్నారు.

శబరి కథ నేను వందసార్లు చెప్పి ఉంటాను. పండ్లు కొరికి రుచి చూసి పెట్టినదన్న మాట వాల్మీకంలో లేదు, అది తరువాతి భక్తుల భావన అని సభల్లో గట్టిగా సవరించేవాడిని కూడా. పంపాతీరంలో దొరికిన వన్యాహారాన్ని ఆమె రాముని కొరకు కూడబెట్టి ఉంచినదని మాత్రమే మూలంలో ఉన్నది. పాఠం ఎంత శుద్ధంగా పట్టుకొన్నానో చూడండి! గిన్నె పట్టుకొని ఎదురుగా నిలిచిన మనిషిని మాత్రం గట్టు చూపించి పంపాను.

గర్భాలయ నైవేద్యానికి ఆగమ నియమములు, మడి ఉన్నవి. వాటిని మార్చమని నేను అనడం లేదు. అర్చకస్వాములు అపార్థం చేసుకోవద్దని మనవి. ఆశ్రమంలో ఉన్నది గోడకు తగిలించిన సీతారామ పట్టాభిషేక పటము. ఆ పళ్ళెం నేనే ఎత్తి ఆ పటం ముందు ఉంచి నివేదన చేశాను. మంత్రం మధ్యలో గొంతు పట్టుకొన్నది. పాఠశాల పిల్లలు నేను మరచిపోయాననుకొని అందించారు.

తరువాత ఆవిడే అందరికీ పంచింది. నా వంతు వచ్చినప్పుడు, మా అమ్మాయిని అత్తవారింటికి పంపినప్పుడు ఒడిలో పెట్టడానికి చేశానండీ, ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ ఇదే, అన్నది. ఆ అమ్మాయి ఇప్పుడు విదేశంలో ఉన్నది. రెండో ముద్ద తీసుకోమన్నది. నాకు కూడా మధుమేహమే. తీసుకొన్నాను.

ఈ సంగతి తెలిసి నా సతీర్థులు ఒకరిద్దరు నొచ్చుకొన్నారు. వారితో వాదించలేదు. రండి, వచ్చి మిరియాలు నూరండి అన్నాను. ఒకరు వచ్చారు.

ఈ సంవత్సరం కూడా నవమికి ముందురాత్రి పది కిలోల బియ్యం నానబోస్తున్నాము. డబ్బాలు పంపేవారు దయచేసి ఈసారి వాటికి బదులు బెల్లము, పెసరపప్పు, ఏలకులు పంపండి. వీలైతే ఆ ఉదయం రెండు గంటలు వచ్చి వారి ప్రక్కన కూర్చోండి, వారు పెట్టినది పుచ్చుకోండి. ఆశ్రమంలో రోలు ఒక్కటే ఉన్నది. పిల్లలు వంతులవారీగా దంచేసరికి ఎండ ఎక్కి పిండి ఆరిపోతున్నదని నన్ను ఆవిడ కోప్పడుతున్నది. మీలో ఎవరి ఇంటి పెరట్లోనైనా వాడుకలో లేని రాతిరోలు, రోకలి ఉంటే కార్యాలయంలో చెప్పండి. బండి మేమే పంపుతాము.