దయ కాదు, దారి కావలెను

(ఒక పట్టణ పఠన మందిరపు వార్షిక సభలో చేసిన ఉపన్యాస పాఠము)



సూర్యభగవానుని రథమును నడపువాడు అనూరుడు; అనగా తొడలు లేనివాడు. తల్లి వినత తొందరపడి గ్రుడ్డును పగులగొట్టుటచే అట్లు పుట్టెనని పురాణము. అయినను రథపు పగ్గములు ఆతని చేతికే అప్పగింపబడినవి. ఆతనికి లేని తొడలనుగాక, ఉన్న నేర్పును చూచిరి. నేడు ఆ అనూరుడే ఉద్యోగమునకై మన పట్టణమునకు వచ్చినచో కచ్చేరి మెట్లు దాటలేక వాకిటనే ఉండిపోవును.

నేను ఇరువది యేండ్లుగా చక్రాల కుర్చీలో తిరుగుచున్నాను. నన్ను చూడగానే జనుల నోట వెలువడు మొదటి మాట “పాపము!” ఈ మాటకు మన భాషలో రెండర్థములు కలవు. ఒకటి జాలి, రెండవది పూర్వజన్మ దుష్కృతము. ఈ రెంటిలో దేనిని నేను అంగీకరింపను. నా కాళ్లు చచ్చుపడుటకు కారణము పసితనమున సోకిన పోలియో. మన దేశమున సహజ వైరసు వలన ఆ వ్యాధి కడపటిసారి కనుపించినది 2011 జనవరిలో. 2014 మార్చి 27వ తేదీన మన దేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడినది. పాపమే కారణమైనచో, రెండు చుక్కల మందు దానిని ఎట్లు పోగొట్టగలిగెను? 2011 తరువాత పుట్టిన బిడ్డలందరును పుణ్యాత్ములేనా?

జాలి మంచిదే కదా యని కొందరందురు. దాని నడవడి వినుడు. దుకాణమునకు పోయిన యెడల వర్తకుడు నాతో మాటాడడు, నా వెంట వచ్చిన పిల్లవానిని “ఆయనకేమి కావలయును?” అని యడుగును. గుడి వాకిట ఒక్క నిమిషమాగినచో ఒడిలో నాణెము పడును. వీథిలో ఎవరో వెనుకనుండి వచ్చి, అడుగక చెప్పక, కుర్చీని తోయ నారంభింతురు. మీరు నడచుచుండగా అపరిచితుడొకడు మెడబట్టి ముందుకు నెట్టినచో దానిని ఉపకారమందురా? కుర్చీ నా శరీరములో భాగము. సాయము చేయదలచిన ముందుగా అడుగుడు. వలదన్న నొచ్చుకొనకుడు.

పైకి చెప్పుకొనలేని కష్టము మఱియొకటి కలదు. బయట పనియున్న దినమున మాలో పెక్కుమంది ఉదయమునుండి మంచినీరు త్రాగరు. కుర్చీ పట్టునట్టి మరుగుదొడ్డి ఎక్కడను దొరకదను భయమే కారణము. ఎక్కడనైన నొకటి కట్టినను, దానిలో చీపుళ్లును విరిగిన బల్లలును పేర్చి తాళము వేయుదురు.

ఇక వాలుదారుల సంగతి. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలెనని లెక్క. మూడడుగుల అరుగునకు ఆరడుగుల వాలు కట్టి పని పూర్తియైనదని వ్రాసికొనువారు మనలో నెందరో! అది ఎక్కుటకు కాదు, జారిపడుటకే పనికివచ్చును. సరిగా కట్టినచోట దానికి అడ్డముగా మోటారుబండ్లు నిలుపుదురు.

చట్టములు లేకపోలేదు. 1995లో ఒకటి వచ్చినది. 2016లో వచ్చిన రెండవ చట్టము హక్కులను విస్తరించి, గుర్తింపబడిన వైకల్యములను 7 నుండి 21కి పెంచినది. ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు కేటాయించినది. ఉన్న ప్రజా భవనములనన్నిటిని ఐదేండ్లలో అందఱకును అందుబాటు చేయవలెనని విధించినది. 2017లో నియమములు వెలువడినవి. 2022లో గడువు తీరినది. మెట్లు మాత్రము తీరలేదు. 2024 నవంబరు 8వ తేదీన సుప్రీముకోర్టు, ఈ నియమము కేవలము సలహావలె నున్నదనియు, తప్పక పాటింపవలసిన నియమములు చేయవలెననియు తీర్పు చెప్పినది. సలహాతో గోడ కదలదని న్యాయస్థానమే పలికినది.

“ఒకరిద్దరు వచ్చెదరు, వారికొఱకింత వ్యయమా?” అను ప్రశ్న తఱచుగా వినబడును. 2011 జనాభా లెక్కలలోనే మా సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. మేము రానందున దారి వేయరు. దారి లేనందున మేము రాము. ఇందు మొదట కదలవలసిన వారెవరు? పైగా ఆ దారి మాకొక్కరికే కాదు. మోకాళ్లనొప్పుల ముదుసలి, నిండు చూలాలు, బియ్యపు బస్తా మోయు కూలి, అందఱును దానినే కోరుదురు. మెట్లెక్కగలుగుట మనుష్యునికి కొంతకాలపు భాగ్యము మాత్రమే. మీరును వృద్ధులగుదురు.

మన భాషను సైతము కొంచెము కడిగికొనవలెను. పనికిమాలిన నెపమును “కుంటిసాకు” అందుము. విచారణ లేని విశ్వాసమును “గుడ్డి నమ్మకము” అందుము. దివ్యాంగులని క్రొత్త పేరు పెట్టినారు. పేరు దివ్యముగానే యున్నది; కాని పేరు పట్టుకొని మెట్లెక్కలేము.

స్వరాజ్యమనగా తన ఊరిలో తాను పరుల చేతులపై మోయబడక సంచరింపగలుగుట. ఆ స్వరాజ్యము మాకింకను రావలసియున్నది. దానికై ఢిల్లీ వైపు చూడనక్కఱలేదు. ఈ పఠన మందిరము కార్యవర్గము వారిని మూడు కోరుచున్నాను. ముందరి నాలుగు మెట్ల ప్రక్కను కొలత ప్రకారము వాలు కట్టింపుడు. మూడడుగుల వెడల్పున ద్వారము పెట్టింపుడు. పత్రికల బల్లను కూర్చున్నవాని చేతికందునట్లు దింపుడు. ఇది ఒక్క వేసవిలో కాదగిన పని. పుస్తకమును చేతికిచ్చి పంపెదమని దయతో చెప్పుచున్నారు, సంతోషమే. కాని ఏ పుస్తకము చదువవలెనో బీరువా ముందఱ నిలుపుకొని నిర్ణయించుకొను హక్కు చదువరిది. దారి వేయుడు; లోనికి మేమే వచ్చెదము.