ఆంగ్లం నేర్చే మన పిల్లలకు సాహిత్యం ఎందుకు?



చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఉదయాన్నే కుర్చీ కోసం వచ్చే యువతను మీరందరూ చూసే ఉంటారు. నారాయణగూడ కళాశాలల్లో చదువు ముగించినవారు, జిల్లాల నుండి వచ్చి అశోక్‌నగర్ గదుల్లో అద్దెకు ఉంటున్నవారు అక్కడ కలుస్తారు. వారి ముందున్న ఆంగ్ల పుస్తకాలలో అధికభాగం వ్యాకరణ సూత్రాలు, నాలుగింటిలో ఒక జవాబును గుర్తించే ప్రశ్నలు. కథల పుస్తకం అరుదు. ఆంగ్లం బోధించే మేము నేడు మీ ముందు ఉంచదలచిన మాట ఒక్కటే. ఇంట్లో ఉర్దూనో తెలుగునో మాట్లాడి బడిలో ఆంగ్లం నేర్చే బిడ్డకు సాహిత్యం కూడా విద్యాహక్కులో భాగమే.

‘కథలు ఉద్యోగమిస్తాయా?’ అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతారు. ఆటో నడిపి, కుట్టుమిషను తొక్కి ఫీజు కట్టేవారు అలా అడగడం న్యాయమే. గ్రూప్‌-1 మెయిన్స్‌నే తీసుకుందాం. మిగతా పేపర్లను ఉర్దూలోనైనా, తెలుగులోనైనా రాయవచ్చు. జనరల్ ఇంగ్లీషులో మాత్రం అర్హత సాధించక తప్పదు. అందులో ఒక గద్యభాగాన్ని చదివి గ్రహించాలి, కుదించి రాయాలి, సొంత వాక్యాలు కూర్చాలి. ఒక్క ఆంగ్ల కథనైనా చివరిదాకా చదవని బిడ్డకు ఆ పని సూత్రాలతో పట్టుబడదు. వాక్యం ముందు చెవిన పడాలి, మనసున నిలవాలి, ఆ తర్వాతే కలంలోకి వస్తుంది.

మరి ఏ సాహిత్యంతో మొదలుపెట్టాలి? బిడ్డకు తెలిసిన లోకంతో. సరోజినీ నాయుడు 1912 నాటి సంపుటిలో హైదరాబాదు బజారు మీద ఒక కవిత ఉంది. అది ప్రశ్నలు, జవాబులుగా నడుస్తుంది. అది చదివిన పిల్లలు మన బజారుకు వెళ్లి, అమ్మేవారిని ఐదు ప్రశ్నలడిగి, జవాబులను ఆంగ్లంలో రాసుకొని రాగలరు.

రొకేయా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ కథ 1905లో మద్రాసు పత్రిక ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో వెలువడింది. ఆమె బడి ముఖం చూడలేదు. అన్నగారే ఇంట్లో ఆంగ్లం నేర్పారు. ఆ కథలో స్త్రీలు విశ్వవిద్యాలయాలు నడుపుతారు, సూర్యుని వేడితో వంట చేస్తారు. పురుషులు ఇంటి లోపల ఉంటారు. ‘జనానా’కు బదులు ‘మర్దానా’ అన్న మాటను రచయిత్రి ఆంగ్ల వాక్యంలోనే కూర్చోబెట్టారు. అక్కడ ఉర్దూ మాట్లాడే అమ్మాయి అందరికంటే ముందు నవ్వుతుంది, తోటివారికి అర్థం చెబుతుంది. తన ఇంటి భాష ఆంగ్లానికి మెట్టు కాగలదని ఆమెకు ఆ క్షణాన తెలుస్తుంది.

ఇది ఈ నగరానికి కొత్త కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆంగ్లం తప్పనిసరి భాషగా ఉండేది.

కనుక మనం కలిసి అడగవలసినవి కొన్ని ఉన్నాయి. 2016 నుండి ఆంగ్ల మాధ్యమంలో నడుస్తున్న మైనారిటీ గురుకులాలలో వారానికి ఒక పీరియడు, మార్కులతో సంబంధం లేకుండా, కథా పఠనానికి కేటాయించాలి. ఉర్దూ మాధ్యమ పాఠశాలలకూ అదే అవకాశం ఇవ్వాలి. ఉపాధ్యాయుడు ముందు కథను పైకి చదివి వినిపించాలి. పిల్లలు దానిని తమ భాషలో తిరిగి చెప్పి, ఆపై ఆరు వాక్యాలు ఆంగ్లంలో రాయాలి. ప్రతి తప్పుకూ ఎర్రసిరా గీత గీస్తే రాసే చేయి ఆగిపోతుంది. పేటలోని గ్రంథాలయాలలో సులభమైన ఆంగ్ల కథల పుస్తకాలకు ఒక అర ఉండాలి.

తల్లిదండ్రులకు మా విన్నపం. మీకు ఆంగ్లం రాకపోయినా ఫరవాలేదు. రాత్రి భోజనమయ్యాక పది నిమిషాలు బిడ్డ చదువుతుంటే వినండి. ‘తర్వాత ఏమైంది?’ అని మీ భాషలోనే అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ బిడ్డ మరుసటి పేజీ తిప్పుతుంది.