బిళ్ళ కట్టితే లోపల ఏ కణం?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జలో బిళ్ళ కడుతుందని ఉద్దానం తోటల్లో తిరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ బిళ్ళే లింఫు గ్రంథి. రోగంతో పోరాడే తెల్లకణాల ఠాణా అనుకోండి. నేను డాక్టరును కాను, గుమాస్తాను. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం మా బావమరిది. ఆయనకు మెడకింద బిళ్ళ లేచింది, నొప్పి లేదు. ఒక ఆసుపత్రిలో సూది పరీక్ష చేసి, టీబీ కావచ్చునని మందులు మొదలుపెట్టారు. మూడు నెలలైనా తగ్గకపోగా పక్కనే ఇంకొకటి లేచింది. విశాఖపట్నంలో బిళ్ళను మొత్తం తీసి పరీక్షిస్తే లింఫోమా అని తేలింది. అంటే లింఫోసైట్ల క్యాన్సరు, ఆయనకు వచ్చింది బి-కణాలది.

"మొదటే ఎందుకు తెలియలేదండీ?" అని అక్కడి పాథాలజీ డాక్టరుగారిని పట్టుకున్నాను. వారు చెప్పినదీ, తరువాత నేను చదివినదీ కలిపి మనవి చేస్తాను.

మామూలు రంగు వేసి చూస్తే చిన్న లింఫోసైట్లన్నీ ఒకేలా, గుండ్రంగా, నీలంగా కనబడతాయి. పలాసలో జీడిపప్పు ఏరే ఆడవాళ్ళు గుండునూ బద్దనూ చూపుతోనే వేరుచేస్తారు. ఇక్కడ చూపు చాలదు. టి-కణాలు రొమ్ములోని థైమస్ గ్రంథిలో తయారవుతాయి. ఆ గ్రంథి పని ఏమిటో 1961లో జాక్ మిల్లర్ వెల్లడించారు. 'బి' అక్షరం మాత్రం కోడిపిల్లల పుణ్యం! కోడి తోక దగ్గర బర్సా అనే సంచి ఉంటుంది. అది తీసేస్తే కోడికి యాంటీబాడీలు సరిగా తయారుకావని 1956లో గ్లిక్ బృందం ప్రకటించింది. మనకా సంచి లేదు, మన బి-కణాలు ఎముక మూలుగలో పుడతాయి.

మరి గుర్తుపట్టడం ఎలా? కణంమీదనో లోపలనో ఉండే ప్రోటీనే దాని గుర్తింపు కార్డు. 1982 నుంచి వీటికి సిడి నంబర్లు ఇస్తున్నారు. టి-కణాలకు సిడి3, వాటిలో సహాయకులకు సిడి4, చంపేవాటికి సిడి8, బి-కణాలకు సిడి20. ఒక్కో నంబరుకే అంటుకునే యాంటీబాడీని తయారుచేసే పద్ధతిని కోహ్లర్, మిల్‌స్టైన్ 1975లో కనిపెట్టారు, 1984లో నోబెల్ అందుకున్నారు. దాన్ని పల్చటి ముక్కమీద వేసి రంగు కట్టిస్తే ఆ కణాలు మాత్రమే గోధుమరంగులో తేలతాయి.

మంచి గ్రంథిలో బి-కణాలు అంచున గుండ్రటి గుంపులుగానూ, టి-కణాలు వాటి నడుమనూ కూర్చుంటాయి. ఆ సీటింగు చెదిరిందా అన్నది సూదితో లాగిన కొద్ది కణాల్లో కనబడదు. ఫైలులోంచి ఒక్క కాగితం లాగి కేసు తేల్చమన్నట్టే! అందుకే మొత్తం బిళ్ళ కావాలంటారు.

సిడి20 ఉన్నదని తేలితే రిటుక్సిమాబ్ అనే మందు ఇవ్వవచ్చు. దీనికి 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. మా బావమరిదికి ఇచ్చింది అదే. ఇప్పుడాయన తోటలో కొబ్బరికాయలు లెక్కపెట్టుకుంటున్నారు.

కిడ్నీ జబ్బు మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళను కుంగదీసిందో మీకు తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. కిడ్నీ మార్పిడి అయినవారికి కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొడుతున్నదా అన్న అనుమానం వస్తే, బయాప్సీ ముక్కలో లింఫోసైట్లు దాని గొట్టాల్లోకి చొరబడ్డాయా అనే చూస్తారు.

టెక్కలి నుంచి వచ్చిన మిత్రులొకరు ఇందాక అడిగారు, రిపోర్టు ఒక్కటి ఉంటే చాలదా అని. చాలదండీ. ముక్కను మైనంలో పెట్టిన బ్లాకులు, గాజు స్లైడ్లు కూడా అడిగి తెచ్చుకుని పింఛను కాగితాలతోపాటు భద్రపరచండి. ఇంకో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వాటిమీదనే మళ్ళీ రంగు పరీక్ష చేయగలరు, చాలాసార్లు రెండోమారు కోయనక్కరలేదు.